అందరికీ తెలియజేయాలా?

భూములు కొలిచే ఆ ఆఫీసులో ఆయన్ని అందరూ సర్వర్ గారు అనేవారు. మెయిల్ సర్వర్‌ని చూసుకునే మనిషి కాబట్టి ఆ పేరు వచ్చింది. కొత్తగా చేరినవాళ్ళకి మాత్రం హోటల్లో బల్లల మధ్య తిరిగే సర్వర్ గుర్తొచ్చి, "సర్వర్ గారూ, రెండు టీలు" అని ఒకసారి వేళాకోళమాడేవారు. ఆయన నవ్వేవాడు. ప్రతి కొత్తవాడూ ఆ జోకు తనే కనిపెట్టాననుకుంటాడు. అనుకోనిస్తే మన సొమ్మేం పోయింది?

యాభై దాటిన మనిషి. ఒక్కడే ఉంటాడు. ఆఫీసు చివర కిటికీ లేని చిన్న గదిలో, చల్లగాలి యంత్రం హోరులో, సర్వర్‌కి ఎదురుగా ఆయన బల్ల. పొద్దున వచ్చి కూర్చుంటే ఎవరి కంప్యూటరో మొరాయించేదాకా ఆయన ఉన్నట్టు ఎవరికీ తెలియదు. అన్నీ సవ్యంగా నడుస్తుంటే ఎవరూ పిలవరు. అంటే, పని ఎంత బాగా చేస్తే మనిషి అంత కనబడడన్నమాట. అదో ఉద్యోగం.

అసలు గొడవ కొలత యంత్రంతో మొదలైంది. ఆఫీసుకి మంచి యంత్రం ఒక్కటే, కొలిచే బృందాలు రెండు. ఎవరు ఏ రోజు పట్టుకెళ్ళాలో గోడమీద నల్లబల్ల మీద సుద్దతో రాసుకునేవారు. ఎవరి భుజం తగిలి చెరిగేదో, ఎవరు కావాలని చెరిపేవారో ఆ పైవాడికే తెలియాలి. ఒక రోజు రెండు బృందాలూ యంత్రం చెరోవైపూ పట్టుకుని వాకిట్లో లాక్కున్నాయి. ఒక బృందానికి పెద్ద, గొలుసు అని అందరూ పిలిచే పాతకాపు. ఇనుప గొలుసులతో నేల కొలిచిన రోజుల నుంచీ ఉన్నాడు కాబట్టి ఆ పేరు. ఆయన గొంతు వీధి చివరిదాకా వినబడింది.

ఆఫీసు యజమాని పెద్దాయన బయటికొచ్చి ఇద్దర్నీ చూసి, సర్వర్ గారి గదికి నడిచాడు.

"ఏమయ్యా, ఈ సుద్దముక్కల కాపురం ఇంక చాలు. అందరి కంప్యూటర్లలోనూ ఒకటే కేలండర్ కనబడాలి. ఒకడు రాస్తే అందరికీ తెలియాలి. చెయ్యగలవా?"

"చెయ్యొచ్చండీ. మన మెయిల్ సర్వర్ మీదే నడపొచ్చు."

చెప్పడానికి చిన్న సంగతే. సర్వర్‌లో ఒక ఫోల్డర్ ఉంటుంది. కేలండర్లో రాసే ప్రతి పనీ నిజానికి ఆ ఫోల్డర్లో పడే ఒక మెయిల్. అందరి కంప్యూటర్లూ ఆ ఫోల్డర్లోకి మాటిమాటికీ తొంగిచూస్తుంటాయి. ఒకరు తన బల్ల దగ్గర రాస్తే పక్కగదిలో ఇంకొకరి తెరమీద అదే కనబడుతుంది. మారిస్తే మారుతుంది, చెరిపితే చెరుగుతుంది. చెప్పడానికి ఇంతే. చేసేసరికి ఆయనకి తలప్రాణం తోకకొచ్చింది. ఒకరి కంప్యూటర్ పాతది, ఒకరి గడియారం తప్పు, ఒకరికి తన పాస్‌వర్డ్ తనకే తెలియదు.

అన్నీ కుదిరాక ఒక పరీక్ష మిగిలింది. వారం వారం తిరిగొచ్చే పని ఒకటి రాసి, అది అందరికీ సరిగా చేరుతోందో లేదో చూడాలి. మామూలుగా ఆయన "టెస్ట్" అని రాస్తాడు. ఆ సాయంత్రం ఎందుకో వేళ్ళు ఇంకోదారి పట్టాయి. "అక్క ఇంట్లో భోజనం. ప్రతి గురువారం సాయంత్రం" అని రాశాడు. ముగింపు తేదీ అడిగితే ఖాళీగా వదిలేశాడు.

ఊరికే వచ్చిన మాట కాదది. బావ ఉన్న రోజుల్లో ప్రతి గురువారం అక్క ఇంట్లోనే ఆయన భోజనం. బావ పోయిన రోజు ఆఫీసులో పాత సర్వర్ తీసి కొత్తది పెడుతున్నారు. మధ్యలో వదిలితే అందరి మెయిళ్ళూ గంగలో కలుస్తాయి. పని ముగించుకుని వెళ్ళేసరికి మర్నాడైంది, అన్నీ అయిపోయాయి. గుమ్మంలో కూర్చున్న అక్క తలెత్తి, "నీకు కుదిరిందా?" అంది. అంతే అంది. ఆ తరవాత ఆయన వెళ్ళలేదు, ఆవిడ పిలవలేదు. అదే ఊళ్ళో, బస్సెక్కితే చేరే దూరంలో, ఏళ్ళు గడిచాయి. తిట్టుకున్నవాళ్ళు కలుస్తారు గానీ, తిట్టుకోనివాళ్ళకి కలవడానికి సాకు దొరకదు.

పరీక్ష చక్కగా నెగ్గింది. పొద్దున్నే చెరిపేద్దామనుకున్నాడు. తానొకటి తలిస్తే దైవమొకటి తలచిందన్నట్టు, పొద్దున ఆయన వచ్చేసరికే పెద్దాయన అందరినీ కూర్చోబెట్టి కేలండర్ తెరిపించేశాడు. లెక్కలు చూసే ఆవిడ, అందరూ లెక్కలమ్మ అనే ఆవిడ, తెర చూసి నేరుగా ఆయన గదికే వచ్చింది. ఏళ్ళ తరబడి ఒకే బస్సులో ఇళ్ళకి వెళ్తున్నా ఆవిడ ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి.

"గురువారం గురువారం మీ అక్కగారింటికి వెళ్తారా సర్వర్ గారూ? ఎప్పుడూ చెప్పలేదే! నిజం చెప్పొద్దూ, మీకెవరూ లేరేమో అనుకునేదాన్ని. చూసి ఎంత హాయిగా అనిపించిందో!"

అది టెస్ట్ అండీ అనాలి. నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. అంత సంబరంగా నిలబడ్డ మనిషి ముందు, లేదండీ, మీరు మొదట అనుకున్నదే నిజం అని ఎలా చెప్పడం?

"అవునండీ" అన్నాడు.

అబద్ధమాడినా అతికినట్టుండాలన్నారు. అతికించాలంటే గురువారం లెక్కలమ్మ ఎక్కే బస్సు ఆయన ఎక్కకూడదు. అందుకని ఎదుటివైపు వెళ్ళే బస్సెక్కాడు. అది అక్క ఉండే పేటకి పోయే బస్సే. కావాలని ఎక్కాడా అంటే, ఆ స్టాపులో ఆగేది అదొక్కటే మరి. అక్క ఇల్లు రోడ్డు మీదికే కనబడుతుంది. మేడమీద కిటికీ పక్కన ఆవిడ కుట్టుమిషన్, దానిమీద చిన్న దీపం. ఊళ్ళోవాళ్ళ బట్టలు వదులు చేసి, బిగువు చేసి ఇస్తుంటుంది. బస్సు ఆ స్టాపులో ఆగింది. జనం దిగారు, ఎక్కారు. ఆయన కిటికీ కమ్మీ పట్టుకుని కూర్చునే ఉన్నాడు. బస్సు కదిలింది. చివరి స్టాపులో దిగి, అక్కడి కొట్లో రెండు రొట్టెముక్కలు తిని, అదే బస్సులో వెనక్కొచ్చాడు. వచ్చేటప్పుడు దీపం రోడ్డుకి అవతలివైపు పడింది. వంగి చూశాడు. వెలుగుతూనే ఉంది.

అలా గురువారాలు గడిచాయి. దిగుదామని లేచి నిలబడ్డ వారాలూ ఉన్నాయి. పక్కవాళ్ళు దారిచ్చేవారు. "కాదండీ, ఊరికే లేచాను" అని కూర్చునేవాడు.

శుక్రవారం పొద్దున లెక్కలమ్మ తప్పకుండా అడిగేది. "ఏం వండారు అక్కగారు?" ఆయన నీళ్ళు నమిలి ఏదో చెప్పేవాడు. చెప్పగా చెప్పగా ఆ అక్క బాగా తయారైంది. తమ్ముడికి అడుగంటిన మాడు ఇష్టమని గిన్నె గీకి పెట్టేది. ఇంకొంచెం వేసుకోమని పోరేది. సన్నబడ్డావేంట్రా అని కోప్పడేది. కొత్తగా కల్పించిందేమీ లేదు. అన్నీ పాతవే, తేదీలు మాత్రం అబద్ధం.

ఒకసారి లెక్కలమ్మ చిన్న కుండీలో తీగమొక్క నాటి తెచ్చింది. "అక్కగారికివ్వండి. నీళ్ళు పోస్తే చాలు, దానంతట అది పాకుతుంది." ఆయన దాన్ని ఇంటికి తీసుకెళ్ళి కిటికీలో పెట్టాడు. తీగ రెండు ఊచలు చుట్టుకుని మూడోదానికేసి చూస్తోంది. దాన్ని చూసినప్పుడల్లా ఒకరి సొమ్ము దాచుకున్నట్టుండేది ఆయనకి.

ఇలా ఉండగా ఆఫీసువాళ్ళకి వారానికొక సాయంత్రం అందరూ కలిసి భోంచేస్తే బాగుంటుందనిపించింది. గొలుసుకే వచ్చింది ఆ ఆలోచన. యంత్రం గొడవ సర్దుకున్నాక మనిషి మెత్తబడ్డాడు. ఏ రోజైతే ఎక్కువమంది ఖాళీగా ఉంటారో కేలండర్నే వెతికిపెట్టమన్నారు. వెతికిపెట్టే మీట ఎక్కడుందో చూపించడానికి సర్వర్ గారినే పిలిచారు. ఆయనే నొక్కాడు. కేలండర్ కాస్త ఆలోచించి చెప్పింది. గురువారం సాయంత్రం. ఒక్కరు తప్ప అందరూ ఖాళీ.

"ఆ ఒక్కరూ మీరే సర్వర్ గారూ" అని గొలుసు నవ్వాడు. "మీకేం లెండి, మీకు అక్కగారి చేతి వంట! హోటల్ తిండి మాకు."

"అవునవును" అని ఆయన కూడా నవ్వాడు.

ఆ గురువారం బస్సులోంచి చూస్తే, ఆఫీసు వీధి మలుపులో హోటల్ అద్దం వెనక వాళ్ళంతా కనబడ్డారు. రెండు బల్లలు కలిపి వేసుకున్నారు. పెద్దాయన ఏదో చెబుతున్నాడు, లెక్కలమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఇవతల బస్సు ట్రాఫిక్ దీపాల దగ్గర ఆగింది. ముందు వాళ్ళ వెలుతురు, ఇంకాసేపటికి అక్క వెలుతురు. రెండు చోట్లా భోజనమే, రెండు చోట్లా తను లేడు. ఏడుపొచ్చేంత కోపమొచ్చింది ఆయనకి, ఎవరిమీదో తెలియలేదు.

వచ్చే గురువారం వాళ్ళతో వెళ్ళాలని నిశ్చయించుకున్నాడు. దానికి ముందు ఆ రాతని తీసెయ్యాలి. అక్క ఊరెళ్ళిందనో, ఇల్లు మారిందనో తరవాత చెప్పొచ్చు. మంగళవారం సాయంత్రం అందరూ వెళ్ళాక కేలండర్ తెరిచాడు. గురువారాన్ని పట్టుకున్నాడు. ఈ ఒక్కసారికేనా, అన్నిసార్లూ తీసెయ్యాలా అని అడిగింది. అన్నిసార్లూ అన్నాడు. ఇంకేదో అడిగింది. అవును అని నొక్కేశాడు. చదవకుండా అవును నొక్కద్దని ఆఫీసులో అందరికీ గొంతు చించుకుని చెప్పేది ఆయనే. చెప్పేవాడికి వినేవాడు లోకువ. తనకి తను ఇంకా లోకువ.

బుధవారం పొద్దున ఆయన లోపలికి రాగానే మాటలు ఆగిపోయాయి. గొలుసు లేచి నిలబడ్డాడు. ఆ మనిషి ఎవరొచ్చినా లేవడు. సర్వర్ గారు తన గదికేసి చూశాడు.

"ఏమైందండీ? సర్వర్ ఆగిపోయిందా?"

లెక్కలమ్మ దగ్గరికొచ్చి ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఒక్క మాట చెప్పాల్సింది కదండీ మాకు. అన్నీ ఒక్కరే చూసుకున్నారా?"

ఆయనకి అర్థం కాలేదు. ఆవిడ బల్ల మీద కంప్యూటర్ తెరిచే ఉంది. తెరమీద, సర్వర్ తనంతట తాను రాసి ఆఫీసులో అందరికీ పంపిన మెయిల్.

"రద్దు: అక్క ఇంట్లో భోజనం. ఇకపై ఏ గురువారమూ ఉండదు."

చదవకుండా నొక్కిన ప్రశ్న ఏమిటో అప్పుడు తెలిసింది. అందరికీ తెలియజేయాలా అని అడిగింది, తను అవునన్నాడు. చేతులు కాలాయి, ఆకులు పట్టుకోవడానికి కూడా లేవు. లేదండీ, అక్క నిక్షేపంలా ఉంది అనబోయాడు. అనబోతూ మళ్ళీ ఆ వాక్యం చదివాడు. ఇకపై ఏ గురువారమూ ఉండదు. నిజంగా అక్క పోతే ఈపాటి కబురు కూడా తనకి రాదు. ఎవరు చెప్తారు? అక్క ఇరుగుపొరుగుకి తన పేరు కూడా తెలిసి ఉండదు. ఏదో ఒక గురువారం బస్సులోంచి చూస్తే దీపం ఉండదు, అంతే తెలుస్తుంది.

అందరి ముందూ ఆయన భోరుమన్నాడు.

ఇంక ఏం చెప్పినా నమ్మేవాళ్ళు లేరు. లెక్కలమ్మ తనూ ఏడ్చింది. గొలుసు మంచినీళ్ళు తెచ్చాడు. పెద్దాయన భుజం మీద చెయ్యి వేసి, "ఇంటికి వెళ్ళవయ్యా, ఈ వారం ఇటు రాకు. సర్వర్ ఎక్కడికీ పోదులే" అన్నాడు. గురువారం భోజనాలు కూడా కేలండర్లోంచి ఆయనే స్వయంగా తీసేశాడు.

సర్వర్ గారు ఇంటికెళ్ళి మంచం మీద కూర్చున్నాడు. అందరూ అంత ఆప్యాయంగా చూసిన రోజు ఆ ఆఫీసులో ఇంకోటి లేదు. అది అక్కని చంపితే వచ్చింది. ఛీ అనుకున్నాడు. ఊరికే అన్న మాట ఊరికే పోతుందో లేదో అని భయం కూడా పట్టుకుంది. చదువుకున్నవాడివి, సిగ్గులేదూ అని తనని తాను తిట్టుకున్నాడు గానీ, ఆ భయం ఎక్కడికీ పోలేదు.

గురువారం సాయంత్రం మొక్క కుండీ ఒక చేత్తో, ఎప్పుడూ భుజాన ఉండే లాప్‌టాప్ సంచీ ఇంకో చేత్తో పట్టుకుని బస్సెక్కాడు. బయల్దేరే ముందు తీగని ఇంటి కిటికీ ఊచల నుంచి విడదీయబోతే రెండాకులు తెగాయి. అక్క స్టాపు వచ్చింది. దీపం వెలుగుతోంది. లేచాడు. పక్కవాళ్ళు దారిచ్చారు. దిగాడు.

తలుపు తీసిన అక్క కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని చూసింది. జుట్టు బాగా తెల్లబడింది. మెడలో కొలత టేపు వేలాడుతోంది. తమ్ముణ్ణి గుర్తుపట్టి గుమ్మం పట్టుకుంది.

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదక్కా."

"మరి?"

"భోజనానికొచ్చాను."

ఆవిడ వెనక్కి, వంటింటికేసి చూసింది. "ముందు చెప్పి రావద్దూ? ఒక్కదానికే వండుకున్నాను."

"ఉన్నదాంట్లోనే సగం పెట్టు."

"ఇద్దరికీ అరకొరే అవుతుంది."

"అరకొరే పెట్టు."

ఆవిడ గుమ్మంలోంచి పక్కకి జరిగింది.

రెండు కంచాలు పెట్టింది. రెండోది పైఅరలోంచి తీసి దుమ్ము కడిగింది. ఇద్దరూ కుట్టుమిషన్ పక్కనే కూర్చున్నారు.

"ఆ మొక్కేంటి?"

"నీకే. మా ఆఫీసులో లెక్కలమ్మ పంపింది."

"నేనెవరో ఆవిడకేం తెలుసు?"

ఇంక దాచడం ఆయన వల్ల కాలేదు. మొదటినుంచీ చెప్పాడు. టెస్టు రాత, రొట్టెముక్కలు, అడుగంటిన మాడు, హోటల్ అద్దం, అన్నీ. చివరికి రద్దు మెయిల్ కూడా. అక్క తినడం మానేసి వింది.

"అయితే నేను పోయానన్నమాట."

"తప్పైపోయిందక్కా."

"ఎవరన్నా ఏడ్చారా?"

"లెక్కలమ్మ ఏడ్చింది."

"నువ్వు?"

ఆయన కంచంలోకి చూశాడు. "ఏడ్చాను. అందరి ముందూ."

అక్క మెడలో టేపు తీసి చుట్టింది, విప్పి మళ్ళీ చుట్టింది.

"పోన్లే" అంది చివరికి. "మీ బావ పోతే మర్నాడొచ్చావు. నా చావుకి మాత్రం వేళకే వచ్చావు."

నవ్వుతోందో లేదో ఆయనకి తెలియలేదు. "అక్కా, ఆ రోజు..."

"ఆ రోజు సంగతి వదిలెయ్. కూర చల్లారిపోతోంది." గిన్నె అడుగు గరిటెతో గీకి, వచ్చిన మాడు ఆయన కంచంలో వేసింది. "నేనూ ఫోను చెయ్యచ్చు. చెయ్యలేదు. బస్సులన్నీ ఇటే పోతాయి, వాడు ఏదో ఒకదాంట్లో ఉండకపోతాడా అనుకుంటూ మిషన్ కిటికీ దగ్గరికి మార్చుకున్నాను. అంతే చేశాను."

ఆయన ఆ మాడు మొత్తం తిన్నాడు. మంచినీళ్ళు తాగి, "వచ్చే గురువారం వస్తాను" అన్నాడు.

"నోటిమాట వద్దు. నువ్వు రాసుకుంటే తప్ప రావు. రాసుకో."

లాప్‌టాప్ తీసి కంచాల మధ్య పెట్టుకున్నాడు. ఆఫీసు కేలండర్ తెరిచాడు. గురువారాలన్నీ ఖాళీగా ఉన్నాయి. "అక్క ఇంట్లో భోజనం. ప్రతి గురువారం సాయంత్రం" అని రాశాడు. ముగింపు తేదీ ఖాళీగా వదిలేశాడు. తెరమీద ప్రశ్న లేచింది. ఆయన వేలు ఆగిపోయింది.

అక్క కళ్ళజోడు దించుకుని వంగి చూసింది. "ఏమిటడుగుతోంది?"

"అందరికీ తెలియజేయాలా అని."

"తెలిస్తే ఏమవుతుంది?"

"రేపట్నుంచి ఆఫీసులో మొహం చెల్లదు. దొంగేడుపు ఏడ్చాడంటారు."

"తెలియకపోతే?"

ఆయన మనసులో ఆ గది కనబడింది, ఆ చల్లగాలి హోరు, ఎవరూ పిలవని బల్ల. తెలియకపోతే అక్కడ అందరూ తనని జాలిగా చూస్తారు, తను ఇక్కడికి దొంగతనంగా వస్తాడు.

"తెలియజెయ్యరా" అంది అక్క, కంచాలు ఎత్తుతూ. "నేనెన్నాళ్ళని చచ్చి కూర్చోను? పాపం ఆవిడకి మొక్క అందిందని చెప్పాలా వద్దా?"

ఈసారి ఆయన ప్రశ్న మొదటినుంచి చివరిదాకా చదివి, అవును నొక్కాడు.